వరండాలో డ్రాయింగు పరీక్ష

కిందటి నెల గుడివాడ వైపున్న ఒక ఇంజనీరింగు కాలేజీవాళ్ళు వార్షికోత్సవానికి నన్ను పిలిచారు. పిలవడానికి కారణం నా గొప్పతనమేమీ కాదు. ఈ ప్రాంతపు కాలవల మీద పనిచేసి ఇంకా బతికి ఉన్న ఇంజనీర్లలో నేనే పెద్దవాణ్ణి. దండ వేశారు, మాట్లాడమన్నారు, మాట్లాడాను. ఆఖర్న పిల్లల్ని ప్రశ్నలడగమంటే వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. నాగాయలంక దగ్గర సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబమట. వాళ్ళ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తనేనట. "ఇక్కడ మమ్మల్ని ఎవరూ ఏమీ అనరండీ. పక్కనే కూర్చుంటారు, కలిసే తింటాం. కాని చేరిన రోజు అందరూ ర్యాంకెంతని అడిగారు. చెప్పాక ఇంకేమీ అడగలేదు. మీ రోజుల్లో ఎలా ఉండేదండీ?" అంది. మైకు ముందు రెండు నిమిషాల్లో చెప్పగలిగిన సంగతి కాదది. "మా రోజుల్లో ర్యాంకు అడిగేంత దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదమ్మా" అన్నాను. హాలంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు. ఇంటికొచ్చాక నాకు నిద్ర సరిగా పట్టలేదు. నిజంగా అడిగిన పిల్లకి నవ్వులాట జవాబు చెప్పి వచ్చానన్న బాధ వదల్లేదు. ఇది ఆమెకి చెప్పవలసిన జవాబు.

మా నాన్న లాకుల దగ్గర లస్కరు. బందరు కాలవలో నీటిమట్టం మారే చోట పడవలు దాటడానికి కట్టిన పెద్ద తలుపుల్ని లాకులంటారు. ఆ తలుపులు తెరవడం, మూయడం, పక్కనున్న తూముల పలకలు ఎత్తడం, దించడం లస్కరు పని. మా గూడెం ఊరికి దక్షిణాన ఉండేది కాని, నేను పెరిగింది మాత్రం కాలవ గట్టు మీద సర్కారువారు కట్టించిన ఒంటి గది ఇంట్లో. ఆ ఇల్లు తలచుకుంటే ముందు నాకు వాసనలే గుర్తొస్తాయి. తలుపుల మరలకి పూసే గ్రీజు, పడవల అడుగున పూసిన తారు, నానిన గోనెసంచులు, ఎండాకాలం కాలవ కట్టేసినప్పుడు బయటపడిన బురద. నాన్న చేతులకి గ్రీజు వాసన ఎప్పుడూ పోయేది కాదు. అమ్మ అన్నం కలిపి ముద్ద పెడితే ఒక వాసన, నాన్న పెడితే ఒక వాసన. కళ్ళు మూసుకుని కూడా ఎవరి ముద్దో చెప్పేవాణ్ణి.

నాన్నకి ఒక అలవాటు ఉండేది. తెల్లవారగానే మెట్లు దిగి నీళ్ళలో చెయ్యి ముంచి, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. ఎర్రమట్టి వాసన తగిలితే పైన వాన పడిందనీ, రేపటికి నీళ్ళు పెరుగుతాయనీ చెప్పేవాడు. అది ఎప్పుడూ తప్పలేదు. ఆ తర్వాత లాకు గోడ మీద చెక్కిన అంకెలు చూసి నీటిమట్టం చెప్పేవాడు. నాన్నకి అంకెలు వచ్చు, అక్షరాలు రావు. పొద్దున ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి "మూడడుగుల నాలుగంగుళాలు" అని అక్కణ్ణుంచే కేకేస్తే, నేను రిజిస్టరులో రాసేవాణ్ణి. అంతకుముందు ఆ పని ఊరి బడిలో పంతులుగారి దయమీద జరిగేది. సాయంత్రం మట్టం రాశాకగాని నాన్న అన్నానికి కూర్చునేవాడు కాదు. ఆ చేత్తో ఆయన పలకలెత్తితే ఊరి చేలన్నిటికీ నీళ్ళు వెళ్ళేవి. అదే ఊరి మంచినీళ్ళ చెరువు రేవులో మాత్రం అమ్మ కడవ ముంచకూడదు. గట్టు మీద నిలబడి, ఎవరైనా పోస్తే పట్టుకోవాలి. ఇందులో వింత ఉందని అప్పట్లో మాకెవరికీ తోచలేదు. మమ్మల్ని పంచములన్నారు, ఆది ఆంధ్రులన్నారు, హరిజనులన్నారు. పేర్లు మారాయి గాని అమ్మ నిలబడే చోటు చాలాకాలం మారలేదు.

ఒకరోజు తనిఖీకి వచ్చిన ఓవర్సీరు, అంటే లస్కర్ల మీద అధికారి, రిజిస్టరు తిరగేసి, "ఎవర్రా రాసింది?" అని అడిగాడు. నాన్న భయపడి, పిల్లాడండీ, తప్పైపోయిందండీ అన్నాడు. ఓవర్సీరు నన్ను పిలిపించి రెండు లెక్కలు అడిగాడు, చెప్పాను. "చదివించు పోలయ్యా, బుర్ర ఉంది" అన్నాడు. ఆయన పడవెక్కబోతుంటే నాన్న చేతులు కట్టుకుని, నేను ఎన్నడూ వినని గొంతుతో అడిగాడు.

"బాబుగారండీ, ఓవర్సీరు కావాలంటే ఏం చదవాలండీ?"

ఆయన నవ్వాడు. చెడ్డవాడు కాదు, అనుకోని మాట విని వచ్చిన నవ్వు. తర్వాత నిజంగానే చెప్పాడు. "హైస్కూలు పూర్తి చెయ్యాలి. సర్కారు వారి డ్రాయింగు పరీక్ష ప్యాసవ్వాలి. అప్పుడు మద్రాసు కాలేజీకి అర్జీ పెట్టుకోవాలి. లెక్కలంటే చదువుకుంటాడు. డ్రాయింగు మీవాడికి ఎవరు నేర్పుతారు?" అని పడవెక్కి వెళ్ళిపోయాడు. ఆ ప్రశ్నలోని వెటకారం నాన్నకి అర్థం కాలేదో, అర్థమైనా పక్కన పెట్టాడో తెలీదు. ఆయనకి మిగిలింది ఆ మూడు మెట్ల వివరమే. వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, మర్చిపోకుండా నాచేత రిజిస్టరు వెనక అట్ట మీద రాయించాడు.

అలా నేను బందరు చేరాను. మావాళ్ళ పిల్లలకోసం ఎవరో పుణ్యాత్ములు నడిపే చిన్న హాస్టల్లో పడక, ఒక హైస్కూల్లో చదువు. తరగతిలో నాకు విడిగా ఒక బల్ల ఉండేది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అందరూ మర్యాదగానే నాకు దూరంగా ఉండేవారు. అయితే డ్రాయింగు హాల్లో విడి బల్లలు లేవు. పొడుగాటి బల్లల చుట్టూ అందరూ ఆనుకుని కూర్చోవాలి. మిగతా పిల్లల ఇళ్ళలో పెద్దవాళ్ళు ఒప్పుకోరని హెడ్మాస్టరుగారు నా పీటని కిటికీ బయట వరండాలో వేయించారు. లోపల మధ్యలో ఒక చెక్కపెట్టె, దానిమీద కూజా, పక్కన బంతి పెట్టేవారు. కిటికీ ఊచల మధ్య నుంచి చూస్తూ నేను గీసేవాణ్ణి.

నాలుగో ఫారంలో, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతిలో ఉండగా కొత్త డ్రాయింగు మాస్టరు వచ్చారు. ఖాదర్ మాస్టారు. బందరులో గుడ్డల మీద పూలూ లతలూ అద్దే అచ్చులు చెక్కే ఇంటివారు. ఆ స్కూల్లో పంతుళ్ళందరిలో ఆయనొక్కరే తురకవారు. భోజనాల గంట కొట్టాక మిగతావారంతా ఒక గదిలో చేరితే, ఆయన ఒక్కరే తన క్యారేజీ తీసుకుని వేపచెట్టు కిందికి వెళ్ళేవారు. మొదటి రోజే ఆయన తరగతి మధ్యలో వరండాలోకి వచ్చి, నా వెనక గొంతుక్కూర్చుని, నా కళ్ళ ఎత్తులో కిటికీలోకి చూశారు. చాలాసేపు చూశారు. "నీకిక్కడ్నుంచి పెట్టె మూడోవైపు కనిపించదు కదూ" అన్నారు. కనిపించదండీ అన్నాను. "ఆదివారం మా ఇంటికి రా" అన్నారు.

ఆ ఇల్లు సముద్రం వైపు పేటలో ఉండేది. పెరట్లో కరక్కాయ కషాయంలోనూ గేదెపాలలోనూ ముంచి ఆరేసిన గుడ్డలు. ఒక మూల కుండల్లో బెల్లం, తుప్పుపట్టిన ఇనుము కలిపి నల్లరంగుకోసం ఊరబెట్టిన నీళ్ళు. ఆ పులిసిన వాసనకి మొదటిసారి ముక్కు మూసుకున్నాను, తర్వాత అదే ఇంటి వాసన అయిపోయింది. మాస్టారి అమ్మగారికి కళ్ళలో పొరలు కమ్మి చూపు దాదాపు పోయింది. గోడకి ఆనుకుని కూర్చుని తమలపాకు నములుతూ, చెక్కి తెచ్చిన ప్రతి అచ్చునీ బొటనవేలితో తడిమేవారు. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఆ వేలు అక్కడ ఆగిపోయేది. "ఈ కొమ్మ వంగింది, మళ్ళీ చెయ్యి" అని అచ్చు పక్కన పెట్టేవారు. కొడుకు చెక్కినా అంతే, కూలికి చెక్కేవాళ్ళు చెక్కినా అంతే. మొదటి ఆదివారం మధ్యాహ్నం ఆమె నన్ను అందరితోపాటు చాప మీద కూర్చోమన్నారు. నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. "ఏం, కాళ్ళు నెప్పా?" అన్నారు. "నేను... మా నాన్న లస్కరండీ, మేము..." అని నసిగాను. "తెలుసులే. అన్నం చల్లారిపోతోంది, కూచో" అన్నారు. వేరే ఇంటి కప్పు కింద కూర్చుని నేను తిన్న మొదటి అన్నం అది. చింతపండు వేసిన పప్పు, వేయించిన ఎండు మెత్తళ్ళ చేపలు. ఆమె నా పళ్ళెం కూడా తన పక్కకి లాక్కుని, చేత్తో తడిమి, ఇంకా పెట్టమని కోడలికి చెప్పారు.

మాస్టారు నాకు మొదట కాయితం ఇవ్వలేదు. టేకు ముక్క, ఉలి ఇచ్చారు. "కాయితం మీద తప్పు చేస్తే రబ్బరుతో పోతుంది. చెక్క మీద పోదు. అందుకని గీసే ముందే చూడ్డం వస్తుంది" అనేవారు. ఆర్నెల్లు చెక్కాను. వేళ్ళు తెగాయి. ఆ తర్వాత పెన్సిలు పట్టుకుంటే చెయ్యి నాది కానంత తేలికగా ఉంది. సాయంత్రాలు దారం ముడివేసి వృత్తాలు గీయడం, దూరం పోయేకొద్దీ గీతలు దగ్గరవడం నేర్పారు. "ముఖ్యమైంది ఒక్కటే. నీకు తెలిసింది గీయకు, నీకు కనిపించింది గీయి" అనేవారు.

ఆ మాటే నన్ను మొదటి పరీక్షలో దెబ్బతీసింది. పరీక్ష మా స్కూల్లోనే. చూడ్డానికి బయటి ఊరినుంచి ఒకాయన వచ్చారు, మాస్టారిని లోపలికి రానివ్వలేదు. నాకు మామూలుగానే వరండాలో పీట. ఆరోజు సముద్రపు గాలి ఎక్కువగా ఉంది. లోపల కాయితాలు ఎగిరిపోతున్నాయని కిటికీ ఒక రెక్క మూసేశారు. నాకు కనిపించింది సగం పెట్టె, కూజా మూతి, వాటికి అడ్డంగా మూడు ఊచలు. మిగతా సగం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఊహించి పూర్తి చేయొచ్చు. కాని కనిపించిందే గీయమన్నారు కదా అని సగం పెట్టె, కూజా మూతి, మూడు ఊచలు, మూసిన రెక్క అంచు, దానిమీద పడ్డ వెలుగు అన్నీ గీసి ఇచ్చి వచ్చాను. జీవితంలో అంత శ్రద్ధగా నేను మరో బొమ్మ గీయలేదు. కాయితాలు మద్రాసు వెళ్ళాయి. నేను తప్పానని కబురు వచ్చింది. ఎక్కడో కూర్చుని దిద్దినాయనకి, ఇచ్చిన వస్తువులు వదిలేసి కిటికీ గీసిన తిక్క పిల్లాడిలా కనిపించి ఉంటాను. నేనెక్కడ కూర్చున్నానో ఆ కాయితం మీద రాసి లేదు.

నాన్న సెలవు పెట్టి పడవలో బందరు వచ్చాడు. హాస్టలు అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. "నువ్వు చూసిందే గీశావా?" అన్నాడు.

"చూసిందే గీశాను నాన్నా."

"మరి తప్పెక్కడుంది?"

నాన్న కాసేపు కాళ్ళ వంక చూసుకుని, "ఇంకో ఏడు ఉండు. అమ్మకి నేను చెప్తాలే" అని లేచాడు. ఆ ఏడాది అమ్మ నాట్లకీ కోతలకీ ఒక్క రోజు మానకుండా వెళ్ళిందని తర్వాత తెలిసింది.

రెండోసారి పరీక్షకి ఏర్పాట్లు ఖాదర్ మాస్టారికే అప్పగించారు. ఆ పొద్దున నేను వెళ్ళేసరికి హాలు ఖాళీగా ఉంది. మాస్టారు, స్కూలు బంట్రోతు కలిసి బల్లలన్నీ బయటికి మోసుకొచ్చి వరండాలో అర్ధచంద్రాకారంగా వేశారు. మధ్యలో పెట్టె, కూజా, బంతి. నా పీట ఎప్పుడూ ఉండే చోటే ఉంది. మిగతావే దాని పక్కకి వచ్చాయి. హెడ్మాస్టరుగారు గబగబా వచ్చారు.

"ఏమిటండీ ఖాదరుగారూ ఇది?"

"లోపల వెలుతురు చాలదండీ. పెట్టె నీడ సరిగా పడట్లేదు. వరండాలో ఉత్తరపు వెలుతురు బాగుంది. నిబంధనల్లో కూడా మంచి వెలుతురు ఉండాలనే ఉంది, చూడండి" అని కాయితం చూపించారు.

"ఇన్నేళ్ళూ చాలిన వెలుతురు ఇవాళ చాలలేదా?"

"ఇన్నేళ్ళూ నేను లేను కదండీ" అన్నారు మాస్టారు, చాలా మర్యాదగా.

హెడ్మాస్టరుగారు నావైపు చూశారు, మాస్టారివైపు చూశారు. పరీక్ష చూడ్డానికి వచ్చినాయన వాచీ చూసుకుంటున్నారు. ఒక కుర్రాడు అలిగి నిలబడిపోయాడు. మిగతావాళ్ళు ఏడాది పోతుందని ఒక్కొక్కరే కూర్చున్నారు. కాసేపటికి వాడూ కూర్చున్నాడు. పరీక్ష మధ్యలో నా పక్కనున్న అబ్బాయి పెన్సిలు మొన విరిగింది. నా చాకు అడిగి తీసుకుని, చెక్కుకుని, తిరిగి ఇచ్చాడు. ఆ స్కూల్లో నన్ను ఒక వస్తువు అడిగి తీసుకున్నవాడు అతనొక్కడే. పేరు కూడా నాకు గుర్తులేదు, ఆ చేతివేళ్ళు మాత్రం గుర్తున్నాయి.

నేను ప్యాసయ్యాను. సర్కారువారు మావాళ్ళకని ఉంచిన ఉపకారవేతనం ఒకటి ఉండేది. అది దొరికి మద్రాసు కాలేజీలో ఓవర్సీరు తరగతిలో చేరాను. అక్కడ నాలాంటివాణ్ణి నేనొక్కణ్ణే. సర్వే క్యాంపుల్లో నేల కొలిచే గొలుసు రెండో కొస పట్టుకోవడానికి జత దొరక్క, చాలాసార్లు కూలివాళ్ళతోనే కొలతలు పూర్తి చేశాను. అది వేరే కథ. అక్కడుండగానే తెలిసింది, ఆ వేసవి తర్వాత ఖాదర్ మాస్టారిని స్కూలువాళ్ళు మళ్ళీ తీసుకోలేదని. ఆయన్ని తీసెయ్యమని కొందరు పెద్దవాళ్ళు వెళ్ళి అడిగారట. కారణం ఎవరూ కాయితం మీద పెట్టలేదు.

సెలవులకి వచ్చినప్పుడు తిన్నగా ఆ పేటకే వెళ్ళాను. మాస్టారు పెరట్లో కూర్చుని అచ్చు చెక్కుతున్నారు. వాళ్ళ అమ్మగారు అప్పటికి పోయారు. ఆమె కూర్చునే చోట గోడ మీద తల ఆనిన నూనె మరక మిగిలింది. పక్కన కూర్చుని, ఉండబట్టలేక అడిగాను.

"నావల్లే కదండీ మాస్టారూ?"

ఆయన ఉలి ఆపలేదు. "నేను చెప్పింది వెలుతురు గురించి. వాళ్ళు విన్నది ఇంకోటి. అందులో నువ్వెక్కడున్నావు?" అన్నారు. చెక్కుతూనే, "అక్కడ నీడలు గీయడం బాగా నేర్పుతున్నారా?" అని అడిగారు. నేర్పుతున్నారండీ అన్నాను. నా నోట్సు తీసుకుని మూడు పేజీలు తిప్పి, నాలుగో పేజీ దగ్గర ఆగి, ఒక గీత తప్పని చూపించారు. నిజంగానే తప్పు. ఆయన మళ్ళీ ఏ బడిలోనూ పనిచేయలేదు. చివరిదాకా అచ్చులు చెక్కుతూనే ఉన్నారు. నేను ఆయనకి చేయగలిగింది ఏదీ లేకపోయింది. చేయగలిగే హోదా వచ్చేనాటికి ఆయన లేరు. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

నాగాయలంక పిల్ల అడిగినదాన్ని నేను చాలాసార్లు తూకం వేసుకున్నాను. ఆ కాలేజీ హాల్లో ఎవరు ఏ వాడనుంచి వచ్చారో చూసి చెప్పలేకపోయాను. అది చిన్న సంగతి కాదు. హాస్టళ్ళున్నాయి, పుస్తకాలున్నాయి, సీట్లున్నాయి, అడగడానికి చట్టం ఉంది. వాటితో పోలిస్తే మా రోజులు చీకటి. కాని సీట్లు ఇస్తున్నారు అనే మాట విన్నప్పుడల్లా, ఆ బల్లల్ని ఒక మనిషి భుజాన మోసి బయటికి తేవడం నా కళ్ళకి కడుతుంది. చోటు దానంతటది ఏర్పడలేదు. ఎవరో తన చోటు పోగొట్టుకుని ఏర్పరచారు. ర్యాంకు విని మాట ఆపేసిన ఆ పిల్లలకి ఇది ఎవరూ చెప్పలేదు. వాళ్ళది పూర్తిగా తప్పనలేను. నీ చాకు ఒకసారి ఇస్తావా అని ఆ పిల్లని ఎవరైనా అడిగే రోజు కూడా రావాలి. అది చట్టంతో వచ్చేది కాదు. అమ్మా, నీకు చెప్పగలిగింది ఇంతే. నువ్వు గీసింది తప్పు కాదు, నువ్వు కూర్చున్న చోటు వాళ్ళకి తెలియదు. తెలిసేదాకా గీస్తూనే ఉండు.

ఓవర్సీరుగా నా మొదటి ఉద్యోగం దివిసీమ కాలవల మీద. చేరడానికి వెళ్తూ, దారిలో ఇల్లు చూసుకుని పోదామని నీటిపారుదల శాఖ పడవలో మా లాకుల మీదుగా వచ్చాను. మధ్యాహ్నం వేళ. ఖాకీ లాగు, చొక్కా, తలమీద టోపీ. వస్తున్నట్టు ముందుగా కబురు చేయలేదు. నాన్న లాకు గోడ మీద కూర్చుని ఉన్నాడు. దూరంనుంచి టోపీ కనబడగానే లేచి, తలపాగా విప్పి నడుముకి చుట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పడవ దగ్గరికొచ్చింది. ఆయన కళ్ళు నా మొహం మీద ఆగాయి. గుర్తుపట్టాడు. అయినా చేతులు విప్పలేదు, నడుముకి చుట్టిన గుడ్డ తియ్యలేదు. పడవవాళ్ళు చూస్తున్నారు.

"నాన్నా, నేనే."

"తెలుసు."

"కూర్చో నాన్నా."

"ఎంతమంది ఓవర్సీర్లకో లేచాన్రా" అన్నాడు. "ఈయనకి లేవనియ్యి."